ఘన ఇంధన రాకెట్‌లో దహన అస్థిరత ఉండదన్న మాట తప్పు

వైజాగ్ ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పంపులు, ఇంజెక్టర్లు ఉన్న ద్రవ ఇంధన ఇంజన్లకే దహన అస్థిరత. ఘన ఇంధనం తారాజువ్వలా కాలిపోతుందంతే. పీడనం ఊగిందంటే ప్రొపెలెంట్‌లో పగులున్నట్టే. అల్యూమినియం పొడి పెంచితే అన్నీ సర్దుకుంటాయి." దహన అస్థిరత అంటే రాకెట్ మండుతుండగా లోపలి పీడనం లయగా పైకీ కిందికీ ఊగడం, ప్రొపెలెంట్ అంటే అందులో మండే ఇంధన మిశ్రమం. ఆ మెసేజ్‌లో చివరి మాటే సగం నిజం.

ఊగడానికి పంపు అక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో ఖాళీ కూల్‌డ్రింక్ సీసా మూతిని గాలికి అడ్డంగా పట్టండి, బుంయ్‌మంటుంది. అందులో కదిలేది గాలి ఒక్కటే. మోటారులో, అంటే ఘన ఇంధనం మండే గొట్టంలో, వేడి వాయువుదీ అదే పని. దానిలో ధ్వని సెకనుకు సుమారు 1000 మీటర్లు పోతుంది. ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ మొదటి దశ పొడవు 20 మీటర్లు. వేగాన్ని రెట్టింపు పొడవుతో భాగిస్తే సెకనుకు ఉజ్జాయింపుగా 25 ఊపులు. పీడనం పెరిగిన క్షణంలోనే ప్రొపెలెంట్ ఇంకాస్త జోరుగా మండితే ఆ ఊపుకి బలం చేరుతుంది. ఈ సూత్రం భౌతిక శాస్త్రవేత్త రేలీ 1878లోనే చెప్పాడు.

పగులు సంగతి వేరు. మండే ఉపరితలం పెరిగి పీడనం పైకే ఎగబాకుతుంది, ముదిరితే కేసింగ్ (బయటి తొడుగు) పగిలిపోతుంది. లయగా పైకీ కిందికీ ఊగేది పగులు లక్షణం కాదు. అయితే ఊపు బాగా పెద్దదైతే సగటు పీడనమూ పెరగొచ్చు, కాబట్టి సగటు ఒక్కటే చూసి తేల్చకూడదు.

"స్టాటిక్ టెస్ట్ (మోటారుని కదలకుండా బిగించి మండించే పరీక్ష) గ్రాఫ్ నున్నగా వచ్చింది కదా" అని కొందరి వాదన. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. సెకనుకు 10 రీడింగులు తీసే లాగర్‌కి (రీడింగులు నమోదు చేసే పరికరానికి) 25 ఊపులు కనబడవు. కనీసం రెట్టింపుకి మించి, మంచి ఆకారం కావాలంటే పది రెట్లు తీయాలి. అర మీటరు మోటారుకైతే ఊపులే సెకనుకు వెయ్యి, అంటే రీడింగులు పదివేలు. సెన్సర్ పెట్టే చోటు కూడా ముఖ్యం. పైన లెక్కగట్టిన ప్రాథమిక ఊపులో మోటారు గొట్టం నడిమధ్య పీడనం దాదాపు కదలదు, అక్కడ పెడితే ఏమీ దొరకదు. నాజిల్‌కి (వాయువు బయటికి పోయే మూతికి) ఎదుటి కొసన, గోడకి సమంగా బిగించాలి. సన్నటి గొట్టం చివర తగిలిస్తే ఆ గొట్టం మోతే గ్రాఫ్‌లోకి ఎక్కుతుంది.

ఇక అల్యూమినియం. అది కాలి ఏర్పడే ఆక్సైడ్ బిందువులు వాయువు ఊపుకి వెనకబడి శక్తిని పీల్చేస్తాయి, నిజమే. కానీ బిందువు సైజు ఊపు వేగానికి కుదరాలి. సెకనుకు వేల ఊపుల్ని అణిచే సన్నటి బిందువులు, పాతిక ఊపుల దగ్గర వాయువుతో పాటే కదిలిపోతాయి. అమెరికా స్పేస్ షటిల్ బూస్టర్ల ప్రొపెలెంట్‌లో 16 శాతం అల్యూమినియం ఉండేది. అయినా వాటి పీడనం సెకనుకు దాదాపు 15 సార్లు ఊగేది.