వాక్యం కంఠతా రావాలి, అర్థం కాకూడదు

మా సంఘపు సండే స్కూలులో గత జూన్ నుండి సాగుతున్న ఒక అక్రమాన్ని కడప పట్టణంలోని తోటి క్రైస్తవ తల్లిదండ్రుల దృష్టికి తేవడం నా కర్తవ్యమని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠం చెప్పడానికి కొత్తగా వచ్చిన టీచరమ్మ, వాక్యాలను కంఠతా పట్టించి ఊరుకోకుండా, వాటికి అర్థం కూడా చెబుతున్నది. అది కూడా గంభీరమైన గ్రాంథికంలో కాదు, మార్కెట్టులో ఉల్లిగడ్డలు బేరమాడే భాషలో చెబుతున్నది. రెండో తరగతి చదివే కుమారుడు గల తండ్రిగా దాని ఫలితాలను నేను నెలల తరబడి అనుభవిస్తున్నాను.

మునుపటి పద్ధతి ఎంత నిరపాయకరంగా ఉండేదో కొంచెం గుర్తు చేస్తాను. అయ్యగారు ఇంటికి వచ్చినప్పుడు పిల్లవాణ్ణి స్టూలు మీద నిలబెట్టేవాళ్లం. వాడు చేతులు కట్టుకొని, కండ్లు మూసుకొని, ఒక్క ఊపిరిలో ఒక కీర్తన అప్పజెప్పేవాడు. అయ్యగారు వాడి తల మీద చెయ్యి పెట్టి దీవించేవారు, వాడి తల్లి టీ తెచ్చేది, వాడు పళ్లెంలోని బిస్కెట్ల వైపు చూస్తూ ‘ఆమేన్’ అనేవాడు. మా పిల్లలందరూ ఇంగ్లీషు మీడియం వాళ్లు కనుక వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాలతో రాసుకొని నేర్చుకునేవాళ్లు. అక్షరాలు ఒకరివి, మాటలు మరొకరివి, భావం ఎవరిదీ కాదు. మన బైబిలు వందేండ్లు పైబడిన తెలుగులో ఉండడం కూడా ఎంతో కలిసి వచ్చేది. ‘క్రుంగకుండునట్లు’, ‘పుట్టింపకుడి’ వంటి మాటలు తోటకు కంచె వేసినట్లు వాక్యం చుట్టూ నిలబడి, ఏడేండ్ల పిల్లవాణ్ణి లోపలికి పోనిచ్చేవి కావు.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. లండన్ మిషనరీ సొసైటీ వారు కడపకు వచ్చింది 1822లో, అంటే మనం ఇక్కడ రెండు వందల ఏండ్లకు పైగా వాక్యం వింటున్నాం. అంతకు ముందే, 1780లో, ఇంగ్లాండులోని గ్లోస్టరు పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పెద్దమనిషి, వారంలో ఆరు రోజులూ పనిలో మగ్గే పేద పిల్లలకు సెలవు దొరికే ఒక్క ఆదివారం నాడు చదువు నేర్పించాలని బడి పెట్టించాడు. మన పిల్లలు ఆరు రోజులు బడిలోనూ ట్యూషన్‌లోనూ మగ్గి ఏడో రోజున మళ్లీ బడికే వెళుతున్నారు కనుక ఆయన ఆశయం మన చేతిలో భద్రంగానే ఉన్నది. రైక్స్ గారి పిల్లలు చదవడం నేర్చుకున్న తరువాత ఇంటికి పోయి తండ్రులను ఏమేమి అడిగారో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మొదటి దెబ్బ బస్సులో తగిలింది. పెండ్లికని కడప నుండి ప్రొద్దుటూరుకు పోతున్నాం. స్త్రీ శక్తి పథకం వచ్చినప్పటి నుండి నా భార్యకు టికెట్ లేదు. నాకు తప్పదు. అయిదేండ్లు నిండని పిల్లలకు టికెట్ లేదు కనుక, ఎన్నో కుటుంబాలు తరతరాలుగా పాటిస్తున్న ఆచారం ప్రకారం, వాడికి నాలుగేండ్లని కండక్టరుతో చెప్పాను. వాడు సీటు మీద లేచి నిలబడి, తనకు ఏడేండ్లు నిండాయని, ఏప్రిల్ నెలలో ఎనిమిది వస్తాయని, అబద్ధసాక్ష్యం పలుకకూడదన్నది తొమ్మిదో ఆజ్ఞ అని బస్సంతటికీ ప్రకటించాడు. ఆ ఆజ్ఞ పొరుగువాణ్ణి గురించి మాత్రమేనని, కండక్టరు మనకు పొరుగువాడు కాడని నేను శాస్త్రబద్ధంగానే వాదించాను. దానికి వాడు, పొరుగువాడెవడని ప్రభువును ఒకాయన ఇట్లే అడిగినాడని మొదలుపెట్టి, దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్న సమరయుని కథ మొత్తం చెప్పాడు. నుదుట బొట్టు పెట్టుకున్న ఆ కండక్టరు అర టికెట్ కొట్టి నా చేతిలో పెట్టి, ‘మిగతా తొమ్మిది ఏందబ్బీ?’ అని వాణ్ణి అడిగాడు. కమలాపురం దాటేదాకా వాటి వివరణ సాగింది. రెండు శతాబ్దాల సువార్త సేవలో ఆర్టీసీ సిబ్బంది ఇంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదని ఒప్పుకుంటాను. అయితే నా సమస్య అది కాదు.

రెండు అంగీలు గలవాడు ఏమీ లేనివానికి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన మాట లూకా సువార్త మూడో అధ్యాయంలో ఉన్నది. కోస్తా ప్రాంతపు పిల్లవాడైతే ‘అంగీ’ అంటే ఏ రాజులనాటి దుస్తో అనుకొని ఊరుకునేవాడేమో. మా దురదృష్టం కొద్దీ ఆ మాట రాయలసీమలో ఇప్పటికీ చలామణిలో ఉన్నది. అందుచేత కంచె అక్కడ తెగిపోయింది. వాడు నా బీరువా తెరిచి పదిహేను అంగీలు లెక్కపెట్టాడు, పదిహేనులో సగమెంతని నన్నే అడిగాడు, ఏడున్నర అంగీలు ఇవ్వడం కుదరదు కనుక ఎనిమిది ఇద్దామని తానే తీర్మానించాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు. క్రిస్మస్ కోసం కుట్టించుకున్న కొత్త అంగీని ఇస్త్రీ బండికి ఇచ్చి రమ్మని పంపితే, ‘మా నాయనకు ఇంకా శానా ఉండాయి, ఇది నువ్వే పెట్టుకో’ అని చెప్పి వచ్చాడు. ఆ ఇస్త్రీ ఆయన ఎంత మర్యాదస్తుడంటే, డిసెంబరు 25 ఉదయం ఆ అంగీ తొడుక్కొనే మా ఇంటికి వచ్చి నాకు శుభాకాంక్షలు చెప్పాడు. రంగు ఆయనకే బాగా నప్పింది.

ప్రసాదం విషయం క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అది మా ఇంటి గుట్టు. వినాయక చవితికి పక్కింటివాళ్లు పంపే కుడుములను మేము వినయంగా తిరస్కరిస్తాం, విగ్రహాలకు అర్పించిన వాటిని గురించి పౌలు కొరింథీయులకు రాసినదంతా మాకు తెలుసు. అదే పక్కింటివాళ్లు ఉగాదికి నెయ్యి వేసిన ఓళిగలు పంపితే అది పండుగ వంటకమే తప్ప ప్రసాదం కాదని మా పెద్దలు ఏనాడో నిర్ణయించారు. ఈ సిద్ధాంతం పౌలు పత్రికలో ఏ వచనంలో ఉన్నదో చూపించమని వాడు జేజిని, అంటే వాడి నాయనమ్మను, అడిగాడు. ఆమె కండ్లద్దాలు కనబడడం లేదన్నది. అవి ఆమె ముక్కు మీదే ఉన్నాయి.

ప్రసంగం గంటన్నర దాటినప్పుడు వాడు నిద్రపోతే తొడ మీద గిల్లడం నా అలవాటు. మా నాయన నన్ను గిల్లేవాడు, ఆయన్ను ఆయన నాయన గిల్లేవాడు. ఇప్పుడు వాడు మేల్కొని, గుడి మొత్తం వినేటట్లు, ఐతుకు సంగతి ఎత్తుతున్నాడు. అపొస్తలుల కార్యముల ఇరవయ్యో అధ్యాయంలో, పౌలు చాలాసేపు ప్రసంగిస్తుండగా ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చొని నిద్రపోయి మూడవ అంతస్తు నుండి కింద పడ్డాడు, పౌలు దిగిపోయి వాణ్ణి కౌగిలించుకున్నాడు. పౌలు వాణ్ణి గిల్లలేదని మావాడి వాదన. ఆ తరువాత పౌలు మళ్లీ పైకి వచ్చి తెల్లవారేదాకా మాట్లాడాడన్న భాగం మాత్రం మా ప్రసంగీకులందరికీ బాగా గుర్తున్నది.

ఇక బెత్తం విషయం. ‘బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి’ అన్న సామెతల గ్రంథపు మాట, ఏ సండే స్కూలు సాయమూ లేకుండా, పది ఆజ్ఞలు వరుసగా చెప్పలేని తండ్రులకు కూడా అధ్యాయ సంఖ్యతో సహా వస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ కింద బడిలో పిల్లలను కొట్టడాన్ని నిషేధించిన నాటి నుండి ఈ వాక్యాన్ని నెరవేర్చే భారమంతా ఇండ్ల మీదనే పడింది, ఆ భారాన్ని మేము సణగకుండా మోస్తున్నాం. ఆ టీచరమ్మ ఈ వాక్యానికి వివరణ ఇచ్చి ఉంటే నేను హర్షించేవాణ్ణి. ఆమె దాన్ని దాటవేసి కొలొస్సయులకు రాసిన పత్రిక తీసి, తండ్రులు పిల్లల మనస్సు కుంగేటట్లు వారికి కోపం పుట్టించకూడదని ఉన్నది చూడండి అని చెప్పింది. మావాడు ఇంటికి వచ్చి, ‘నాయనా, ఇది పిల్లోళ్లకు కాదంట, నీకంట’ అన్నాడు. పిల్లలకు చెప్పే పాఠంలో తండ్రులకు హోంవర్కు ఇవ్వడం ఎంతవరకు న్యాయమో చదువరులే చెప్పాలి.

అన్నిటికంటే లోతుగా తగిలింది క్షమాపణ పాఠం. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, ఏడుమారులు కాదు, ‘డెబ్బది ఏళ్ల మారులమట్టుకని’ ప్రభువు జవాబిచ్చాడు. ఏళ్లంటే సంవత్సరాలనే మా ఇంట్లో మూడు తరాలుగా అనుకుంటూ వచ్చాం. మా సీమలో డెబ్బై ఏండ్లు పగ పెట్టుకోవడం ఎవరికీ కొత్త కాదు కాబట్టి, క్షమాపణకు కూడా అంతే గడువు ఇచ్చారని మాకు సబబుగానే తోచింది. ఎటొచ్చీ ఆ పని ఎప్పుడు మొదలుపెట్టాలో వాక్యంలో లేదు కనుక మేమింకా మొదలుపెట్టలేదు. మా నాయనకూ ఆయన తమ్మునికీ చీనీ తోట గట్టు విషయంలో మాటలు లేవు. ఏళ్లంటే ఇక్కడ సంవత్సరాలు కావని, ఏడులని, డెబ్బై ఏడులు నాలుగు వందల తొంభై అవుతాయని రెండో తరగతి పిల్లవాడు పలక మీద వేసి చూపించగానే జేజినాయన ముఖం వికసించింది. ‘అట్లయితే వానితో నా లెక్క ఎప్పుడో తీరిపాయ’ అన్నాడు.

ఈ పరిస్థితులలో, సదరు టీచరమ్మను పిల్లల తరగతి నుండి తప్పించి, ఆమె ప్రతిభకు తగినట్లు పాటల బృందానికి మార్చవలసిందని కోరుతూ సంఘ కమిటీకి ఒక అర్జీ రాశాను. వాక్యాల అర్థాన్ని పిల్లలకు కనీసం పెండ్లి కుదిరేదాకా వాయిదా వేయాలని, అత్యవసరమైతే తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతితో మాత్రమే చెప్పాలని అందులో సూచించాను. అయిదుగురు తండ్రులు సంతకాలు చేశారు. ఆరో ఆయన సంతకం పెట్టబోతుండగా, అంకుల్ ఇంటి మీటరు గురించి వాళ్ల పాప క్లాసులో ప్రార్థన చేయించిందని మావాడు చెప్పడంతో, ఆయన మా ఇంట్లో టీ కూడా తాగకుండా పోయి మరుసటి ఉదయం మళ్లీ వచ్చి రెండు చోట్ల సంతకం పెట్టాడు.

అర్జీని ఆదివారం కమిటీకి ఇద్దామని బైబిలులో పెట్టి ఉంచాను. శనివారం రాత్రి తీసి చూస్తే వెనుకవైపున పెన్సిలుతో గీతలున్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్లీ నాలుగు నిలువు గీతలు. ఇవేమిటని గద్దిస్తే, అవి నన్ను క్షమించిన సార్లని వాడు చెప్పాడు. గిల్లినవి, అరిచినవి, బస్సులో చెప్పినది, బెత్తానివి, అన్నీ కలిపి నలభై ఒకటి అయ్యాయట. కింద వాడు నాలుగు వందల తొంభైలో నుండి నలభై ఒకటి తీసివేసి, నాలుగు వందల నలభై తొమ్మిది అని రాసి దాని చుట్టూ సున్న చుట్టి ఉన్నాడు. పదుల స్థానం నుండి అప్పు తెచ్చుకోవడంలో వాడు బడిలో తరచుగా పొరబడుతుంటాడు కనుక కూర్చొని జాగ్రత్తగా సరిచూశాను. లెక్క సరిగానే ఉన్నది.