ప్లాన్ల పట్టిక గారికి ఒక చిన్న బట్టల వ్యాపారి విన్నపం

మహారాజశ్రీ ప్లాన్ల పట్టిక గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. స్టాకు కూడా క్షేమమే, అమ్ముడుపోతే కదా దానికేమైనా అయ్యేది. మీరు కూడా ఆన్‌లైన్ స్టోర్లు పెట్టిచ్చే కంపెనీల సైట్లలో మూడు నిలువు వరుసలతో, మధ్య వరుసకి ముదురు రంగు పూసుకుని, దాని నెత్తిన "ఎక్కువమంది ఎంచుకునేది" అని రిబ్బన్ కట్టుకుని కళకళలాడుతూ ఉన్నారని తలుస్తాను.

మాది చిన్న బట్టల వ్యాపారం. ఇన్నాళ్లూ సోషల్ మీడియాలో ఫొటో పెట్టడం, కింద "రేటెంత" అని అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా మెసేజ్ చేయడం, మిగిలిన ఒక్క పీసుకి ఇద్దరు ఒకేసారి డబ్బు పంపితే ఎవరికి సర్దిచెప్పాలో తెలియక జుట్టు పీక్కోవడం, ఇదే మా ఈకామర్స్. సొంత స్టోర్ ఉంటే ఈ గోల తగ్గుతుందని ఆశపడి ఏ ప్లాట్‌ఫామ్ గడప తొక్కినా ముందు ఎదురొచ్చింది మీరే. వచ్చీరాగానే ఒకటే ప్రశ్న: బేసిక్కా, స్టాండర్డా, అడ్వాన్స్‌డా? మేం ఏం అమ్ముతామో, ఎలా అమ్ముతామో ఒక్క ముక్కైనా అడగరా అండీ?

మీ ఎత్తు మాకు తెలియనిదేం కాదు. మొదటి వరుస నామోషీగా అనిపించడానికి, మూడోది గుండె గుభేలుమనిపించడానికి, ఆ రెండూ చూసి బెదిరిన మనిషి బుద్ధిగా నడిమిదాని మీద వేలు పెట్టడానికి. మార్కెటింగ్ ప్రొఫెసర్లు 1980ల చివర్లోనే దీన్ని పరీక్షించి చూసి పేరు కూడా పెట్టారు. అందరికీ తెలిసిపోయినా ఇంకా పనిచేస్తూనే ఉంది చూశారా, అదీ మీ గొప్పతనం.

ఇక ఆ పచ్చ టిక్కులు. "ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్" అని, కొనేవాళ్ల వివరాలు దారిలో ఎవరూ చదవకుండా కాపాడేదానికి, ఒక టిక్కు పెట్టుకున్నారు, వరం ప్రసాదించినట్టు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచీ ఆ సర్టిఫికెట్‌ని అడిగినవాళ్లందరికీ ఉచితంగానే ఇస్తోంది. "మొబైల్‌లో కనిపిస్తుంది" అని ఇంకో టిక్కు. ఫోన్‌లో కనిపించని స్టోర్ ఎవడికి కావాలి? అన్నిటికంటే నాకు ముచ్చటేసింది "అన్‌లిమిటెడ్ ప్రోడక్ట్స్". మా దగ్గరున్నవే నలభై చిల్లర డిజైన్లు. మీరు అనంతకోటి ఇస్తే నేనేం చేసుకోను, అద్దెకిచ్చుకోనా?

మాకు కావలసిన లెక్క వేరే ఉంది, అది మీ గళ్లలో ఎక్కడా లేదు. ఒకే ఒక్క షర్ట్ తీసుకోండి. సైజులు 6, రంగులు 9, పొట్టి చేతులు పొడుగు చేతులు రెండు రకాలు. 108 వేరియంట్లు. ఒక్క షర్ట్‌కే! ప్రతిదానికీ విడిగా స్టాకు ఉండాలి, విడిగా కోడ్ ఉండాలి, నీలం రంగు నొక్కితే నీలం ఫొటోనే రావాలి, నీలంలో ఎల్ సైజు అయిపోతే అది ఒక్కటే మసకబారాలి కానీ షర్ట్ మొత్తం "స్టాకు లేదు" అనకూడదు. మీ ప్లాట్‌ఫామ్‌లలో ఒకటైన షాపిఫై ఏళ్ల తరబడి ఒక ప్రోడక్ట్‌కి 100 వేరియంట్లు దాటనివ్వలేదు, అంటే మా షర్ట్ గడప దగ్గరే ఆగిపోయేది. ఆ పరిమితిని తర్వాత 2,000 పైకి పెంచారు, సంతోషం. అప్పుడు కూడా ఆప్షన్లని మాత్రం మూడు దగ్గరే ఉంచారు. సైజు, రంగు, చేతులు, అంతే, మూడూ అయిపోయాయి. వదులుగా ఉండేదీ ఒంటికి పట్టేదీ అని నాలుగో ఆప్షన్ కావాలంటే దానికో యాప్. కొలతల పట్టిక చూపించడానికి చాలాచోట్ల ఇంకో యాప్. ఒక్కో యాప్‌కీ నెలనెలా బిల్లు, పైగా ఆ యాప్‌కి కూడా మీలాంటి మూడు గళ్ల తమ్ముడు ఒకడు.

బట్టలకి రిటర్న్ అనేది అప్పుడప్పుడు వచ్చే కష్టం కాదు, రోజువారీ పని. మనిషి వేసుకుని చూడకుండా కొంటాడు, ఎం అనుకున్నది బిగుతవుతుంది, ఎల్ పంపమంటాడు. అతనికి డబ్బు వెనక్కి అక్కర్లేదు, సరిపోయే షర్ట్ కావాలి. ఎం స్టాకులోకి తిరిగి రావాలి, ఎల్ స్టాకులోంచి పోవాలి, రేటులో తేడా ఉంటే అది వసూలు కావాలి, ఇదంతా ఒకే ఆర్డర్‌లో జరగాలి. ఇది నేరుగా కుదరని చోట డబ్బు వాపసు ఇచ్చి మళ్లీ కొత్తగా కొనమనాలి. అలా వాపసు ఇచ్చినా మొదటి అమ్మకం మీద పట్టుకున్న ఫీజుని చాలా పేమెంట్ గేట్‌వేలు (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టేవాళ్లు) తిరిగివ్వవు. షర్ట్ అమ్మలేదు, ఫీజు మాత్రం కట్టాం. మీ పట్టికలో "రిటర్న్స్" పక్కన టిక్కు ఉంటుంది, నిజమే. ఆ టిక్కులో ఈ కథ ఎంతవరకు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఫీజు అంటే గుర్తొచ్చింది, మీ అడుగున నలకంత అక్షరాల్లో ఉండే లావాదేవీ రుసుము సంగతి. షాపిఫై వాళ్ల సొంత గేట్‌వే, షాపిఫై పేమెంట్స్, అన్ని దేశాల్లోనూ దొరకదు. దొరికే చోట దాన్ని కాదని వేరే గేట్‌వే పెట్టుకుంటే, గేట్‌వే వాడు తీసుకునేది కాక బేసిక్ ప్లాన్‌లో ఇంకో 2 శాతం. రెండే కదా అనిపిస్తుంది. కానీ అది అమ్మకం మీద, లాభం మీద కాదు. వందకి ఇరవై మిగిలే వ్యాపారంలో ఆ రెండూ పోతే లాభంలో పదో వంతు పోయినట్టు. నెల అద్దె ఎంతా అని మూడు గళ్లనీ తిప్పి తిప్పి చూసే బదులు ఈ ఒక్క గుణింతం చేస్తే చాలాసార్లు ఖరీదైన ప్లానే చవకగా తేలుతుంది, లేదా అసలు ప్లాట్‌ఫామే మారిపోతుంది. నెలకి ఎంత అమ్ముతారని అడిగి ఈ లెక్క మీరే కట్టి చూపించొచ్చుగా? కట్టరు.

మీ గళ్లు అక్కర్లేని దారి కూడా ఉంది లెండి. 2011లో వచ్చిన వూకామర్స్ అనే స్టోర్ సాఫ్ట్‌వేర్‌ని, వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ మీద పెట్టుకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టక్కర్లేదు. హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ చూసుకోవడం) మనం, బ్యాకప్ మనం, అప్‌డేట్లు మనం. ఏ అర్ధరాత్రో ఒక ప్లగిన్ (సైట్‌కి అదనంగా తగిలించిన ముక్క) అప్‌డేట్ అయి చెక్అవుట్ పేజీ తెల్లకాగితంలా తేలితే లేచి కూర్చునేది కూడా మనమే. ఆ పని తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. లేకపోతే ఆ ఉచితం జోలికి పోకపోవడమే మేలు. ఇక ఎట్సీ లాంటి మార్కెట్‌ప్లేస్‌లు, అంటే ఎందరో అమ్మకందార్లు ఒకేచోట అమ్ముకునే సైట్లు. కొనేవాళ్లు అక్కడ ముందే ఉంటారు, అది చాలా పెద్ద సుఖం, కాదనను. కాకపోతే వాళ్లు అక్కడి కస్టమర్లు, మన కస్టమర్లు కారు. 2022లో ఎట్సీ తన వాటాని 5 శాతం నుంచి 6.5కి పెంచితే అమ్మకందార్లు వారం పాటు దుకాణాలు మూసి సమ్మె చేశారు. 6.5 అలాగే ఉంది.

అసలు మిమ్మల్ని నిలదీయాలనుకున్నది ఇక్కడే. లోపలికి రావడానికి ఇన్ని టిక్కులు పెట్టారే, బయటికి పోవడానికి ఒక్క అడ్డవరుస లేదేం? సైన్ అప్ చేసేదాకా మూలనుంచి చాట్ బుడగ ఒకటి ఊగుతూ "హాయ్, ఏమైనా సాయం కావాలా" అని వెంటపడుతుంది, కార్డు నంబర్ ఇచ్చాక మిగిలేది ఫిర్యాదు టికెట్ నంబరే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు, మీ దగ్గర మాత్రం ఏరు దాటించేవాడే ఆ తిప్పు తిప్పుతాడు. పోదామంటే ప్రోడక్టుల జాబితా సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) వస్తుంది, సరే. డబ్బు పోసి చేయించుకున్న థీమ్, అంటే స్టోర్ రూపం, వేరేచోట పనికిరాదు. రివ్యూలు ఏదో యాప్ కడుపులో ఉంటాయి. కస్టమర్ల పాస్‌వర్డులు మామూలుగా రావు, అందరూ కొత్తవి పెట్టుకోవాలి. లింకుల తీరు మారుతుంది కాబట్టి పాత పేజీలన్నిటికీ కొత్త పేజీల దారి చూపే రీడైరెక్ట్‌లు ఒక్కొక్కటే రాసుకోవాలి, లేదంటే గూగుల్‌లో సంపాదించుకున్న చోటు గాల్లో కలుస్తుంది. (డొమైన్ పేరు మాత్రం ఎక్కడో విడిగా మన పేరు మీదే కొనుక్కుంటే కనీసం బోర్డయినా మనతో వస్తుంది.)

మేమెందుకు పోతాం, ఇక్కడే ఉంటాం కదా అంటారేమో. మజెంటో 1 అనే స్టోర్ సాఫ్ట్‌వేర్ మీద దుకాణాలు పెట్టుకున్నవాళ్లూ అలాగే అనుకుని ఉంటారు. 2008లో వచ్చిన దానికి 2020 జూన్‌తో సపోర్ట్ ఆపేశారు, రెండో వెర్షన్‌కి పాత థీమ్‌లూ ఎక్స్‌టెన్షన్లూ పనికిరాలేదు, పేరు అదే అయినా కాపురం మళ్లీ మొదటి నుంచే.

మీ మీద కోపం వచ్చి సొంత గూడు కట్టుకున్నవాళ్లు లేకపోలేదు. 2004లో టోబీ లూట్కే మిత్రులతో కలిసి స్నోబోర్డులు ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకున్నాడు, అప్పట్లో దొరికే సాఫ్ట్‌వేర్ ఏదీ నచ్చక తనే కోడ్ రాసుకున్నాడు, ఆ కోడే 2006లో షాపిఫై అయింది. అంటే పట్టికలు నచ్చనివాడు చివరికి పట్టిక పెట్టాడు. మాకు కోడ్ రాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాం.

కాబట్టి మేం మీ ఫ్రీ ట్రయల్‌లోకి వస్తున్నాం, కానీ మీరనుకున్నట్టు లోగో ఎక్కడ పెట్టాలా, బ్యానర్ ఏ రంగుదా అని చూడటానికి కాదు. ఆ 108 వేరియంట్ల షర్ట్‌ని ఎక్కిస్తాం. ఫోన్‌లో మేమే ఒకటి కొంటాం, ఎం తిప్పి ఎల్ అడుగుతాం, రీఫండ్ ఇస్తాం, ఫీజు ఎంత మింగిందో చూస్తాం. చివర్లో మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఏం వచ్చిందో, ఏం మిగిలిపోయిందో లెక్క తేలుస్తాం. ఇవన్నీ గట్టెక్కితే మీ రిబ్బన్ ఏ వరుస మీదున్నా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ మూడు గళ్లలో ఎందులోనూ ఇమడని,
ఒక బట్టల కొట్టు

తా.క.: మీ నెత్తిన "నెలకి, ఏడాదికి" అని ఒక బుల్లి స్విచ్ ఉంది. మేం రాకముందే ఎవరో దాన్ని "ఏడాదికి" వైపు తిప్పి ఉంచారు. నేను "నెలకి" అని నొక్కగానే మూడు అంకెలూ ఒక్కసారి పైకి ఎగిరాయి. చూశాను.