చెరువు మనదైతే ప్రాణం, తీరం పక్కోళ్లదైతే రేసా?

వరుసగా రెండు రోజులు సెలవు దొరికితే చాలు, ఓరుగల్లు కార్లు సముద్రం బాట పడుతున్నాయి. పోవడం తప్పు కాదు. మనకు సముద్రం లేదు. సూర్యలంకకో వాడరేవుకో పోయి కాళ్లు తడుపుకొని వస్తామంటే ఎవరు కాదంటారు? కాజీపేటలో రైలెక్కి, బాపట్లలో దిగి, ఆటోలో తీరానికి చేరేవాళ్ల మీద మాకు ఏ కోపమూ లేదు. మా కోపం రోడ్డు అయిపోయిన చోట ఆగని వాళ్ల మీద. జీపును ఇసుకలోకి దింపడం, నీటి అంచున గిరగిరా తిప్పడం, హెడ్‌లైట్ల వెలుగులో రీల్ తీసి పాట తగిలించి వదలడం. ఆ రీల్స్‌లో నంబరు ప్లేటు మీద టీజీ 03, టీజీ 24 కనిపించిన ప్రతిసారీ ఈ నగరం సిగ్గుపడాలి. సిగ్గుపడకపోగా లైకులు కొడుతోంది.

ఆ చక్రాల కింద ఉన్నది ఖాళీ ఇసుక కాదు. అది ఘోస్ట్ క్రాబ్ అనే ఇసుక పీత ఇల్లు. ఇసుక రంగులో కలిసిపోయేవి కొన్ని, బంగాళాఖాతం ఒడ్డున ఎర్రగా మెరిసేవి కొన్ని. పగలు ఎక్కువసేపు బొరియలోనే ఉంటుంది. ఆ బొరియ ఒక్కోసారి మీటరు లోతు దాకా పోతుంది. నోటి దగ్గర విసిరేసిన తడి ఇసుక కుప్ప, అక్కడి నుంచి నీటి వైపు సూదితో గీసినట్టు కాళ్ల గీతలు. చీకటి పడ్డాక బయటికొచ్చి చచ్చిన చేపను, కొట్టుకొచ్చిన చెత్తను, చిన్నాచితకా పురుగులను తిని తీరాన్ని శుభ్రం చేసేది ఇదే. జీతం లేని సఫాయి పని. దీనికి ఊపిరి మొప్పలతోనే, అయినా నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే చచ్చిపోతుంది. అందుకే మాటిమాటికీ అలల అంచుకు పోయి మొప్పలు తడుపుకొని వస్తుంది. ఆడపీత గుడ్లు వదలాలన్నా ఆ అంచుకే పోవాలి.

ఇప్పుడు జీపు నడిపేది ఎక్కడ? గట్టిగా ఉంటుందని ఆ తడి అంచునే. ఎప్పుడు? జనం పలుచబడ్డాక, రాత్రే. పగలైతే లోతు బొరియలో ఉన్న పీత చాలావరకు బతికిపోతుంది. రాత్రి బయట తిరిగేదానికి ఆ దారి లేదు. తీరంపై బండ్ల వల్ల ఈ పీతలు ఎలా నలిగిపోతున్నాయో ఆస్ట్రేలియాలో, అమెరికాలో శాస్త్రవేత్తలు ఏళ్ల క్రితమే పరీక్షించి చూపించారు. ఒక తీరం మీద మనిషి ఒత్తిడి ఎంత ఉందో తెలుసుకోవడానికి చాలా దేశాల్లో ఈ బొరియలను లెక్కపెడుతున్నారు.

పర్యాటకుల వల్లే అక్కడి చిరువ్యాపారులు బతుకుతున్నారన్న వాదన ఉంది, కాదనం. కానీ చేపల వేపుడు కొనడానికి జీపు నీళ్ల దాకా పోనక్కర లేదు. ఇవే పీతలు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు తింటాయి కాబట్టి తగ్గితే మంచిదే అనే తెలివిమంతులూ ఉన్నారు. తాబేలు, పీత ఒకే ఇసుకలో మనకంటే ఎన్నో లక్షల ఏళ్ల ముందు నుంచి ఉన్నాయి. మనం పారేసిన బిర్యానీ పొట్లాల వెంట చేరే ఊరకుక్కలు తవ్వుకుతినే గుడ్ల సంగతి వాళ్లు ఎత్తరు.

పీతలు లక్షల్లో పుడతాయిలే అనేది ఇంకో మాట. మనకు ఎండ్రకాయ కొత్త కాదు. తొలకరికి పొలం ఒడ్డు బొర్రెల్లో చెయ్యి పెట్టి పట్టి, జలుబు చేస్తే పులుసు కాచుకున్న ఇళ్లే ఇక్కడివన్నీ. మన ఎండ్రకాయ పిల్లలను కడుపు కింద మోసి, కాళ్లూ డెక్కలూ వచ్చాకే వదులుతుంది. సముద్రపు పీత పిల్లకు ఆ భాగ్యం లేదు. కంటికి ఆనని రూపంలో కెరటాల్లో వారాల తరబడి కొట్టుకుపోయి, ఏ కాస్తో తీరానికి తిరిగొస్తాయి. అలా చేరినదాని మీదే మన టైరు ఎక్కుతోంది. గుళికల మందు చల్లీ చల్లీ మడిలో ఎండ్రకాయ కనబడకుండా పోయిందని ఊరూరా వాపోయే మనకు ఇది ఎవరో వచ్చి చెప్పాలా?

మా బాధంతా ఈ రెండు నాల్కల ధోరణి మీదే. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేస్తే నగరంలో ప్రతి టీ కొట్టూ నీటిపారుదల శాఖే అయింది. మానేరు, గోదావరి ఇసుక లారీల మీద మనం పెట్టని అర్జీ లేదు. గణపతిదేవుడి కాలం నాటి పాకాల కట్ట మీద ఏ బాపట్ల కుర్రాడో జీపుతో విన్యాసాలు చేస్తే ఊరుకుంటామా? సాయంత్రానికల్లా ఠాణా ముందు ధర్నా చేస్తాం. అదే పని మనం వాళ్ల తీరంలో చేస్తే సరదా! చెరువుకు ఒక న్యాయం, సముద్రానికి ఒక న్యాయమా? ఇక్కడ పర్యావరణం, అక్కడ పార్కింగా?

చట్టం కూడా పీత వైపు గట్టిగా లేదు. 2011 తీర నియంత్రణ నోటిఫికేషన్ గ్రామీణ తీరాల్లో 200 మీటర్ల మేర నిర్మాణాలు వద్దంది. 2019లో వచ్చినది జనసాంద్రత ఎక్కువున్న ఊళ్లలో దాన్ని 50 మీటర్లకు కుదించింది. ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు సున్నిత ప్రాంతాల జాబితాలో ఉన్నాయి కానీ, మామూలు పీతల ఇసుకను పట్టించుకునే నాథుడు లేడు. స్వదేశ్ దర్శన్ 2.0 అనే కేంద్ర పర్యాటక పథకం కింద సూర్యలంకకు హంగులు దిద్దుతున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుగా రోడ్డుకూ ఇసుకకూ మధ్య బండి దూరని అడ్డుగట్టు పెట్టాలి. దీపాలూ సెల్ఫీ పాయింట్లూ ఆ తర్వాత చూసుకోవచ్చు.

అడ్డుగట్టు కట్టేదాకా ఆగమనే మన పిల్లలకూ, తాళం చెవులు చేతికిచ్చి పంపే తండ్రులకూ ఒక్క మాట. అక్కడి పోలీసులు బండి పట్టుకుని చలానా రాస్తే, లేక సీజ్ చేస్తే, బుద్ధిగా కట్టి రండి. ‘మనోళ్లే, కొంచెం చెప్పి విడిపించండి’ అంటూ మా విలేకరులకు ఫోన్లు చేయొద్దు. విడిపించం. నంబరు ప్లేటుతో సహా ఫొటో వేస్తాం.