విశ్వాసానికి ఇరవై మార్కులు

విజయనగరం చుట్టుపక్కల మతసంస్థలు నడిపే బడుల యాజమాన్యాలకు ఒక బెంగ ఉంది. రోజూ ఉదయం అరగంట ప్రార్థన చేయిస్తున్నా, పదో తరగతికి వచ్చేసరికి పిల్లల్లో విశ్వాసం పలచబడుతోందట. గుడి ట్రస్టు బడి అయినా, చర్చి బడి అయినా బాధ ఒక్కటే. ఇంతటి గంభీరమైన సమస్యను అంతే గంభీరంగా పరిశీలించడం నా విధిగా భావిస్తున్నాను.

1966లో అమెరికాలో ఆండ్రూ గ్రీలీ, పీటర్ రోసీ అనే సామాజిక శాస్త్రవేత్తలు కాథలిక్ బడుల్లో చదివి పెద్దవారైనవారిని పరిశీలించి, ఇంట్లో భక్తి బలంగా ఉన్నవారి మీదే బడి ప్రభావం గట్టిగా కనిపించిందని తేల్చారు. అంటే ఇంట్లో తోడుపెట్టి పంపిన పాలే బడిలో పెరుగవుతాయి. ఈ సంగతి మనవాళ్ల చెవిన పడకపోవడమే మేలు. పడిందంటే అమ్మానాన్నలకు కూడా ఎంట్రన్స్ పరీక్ష పెడతారు.

ఇక మిగిలింది బడి వాతావరణం. దేవుడు ఎవరినీ కాదనడని లోపల ప్రార్థన సాగుతుండగా, నెల్లిమర్ల బస్సు ఆలస్యమైన పాపానికి కొందరు పిల్లలు మూసిన గేటు బయట సంచులు మోస్తూ నిలబడి, ఆ ప్రార్థనకే పెదవులు కదుపుతుంటారు. లోపల ఫీజు బాకీ ఉన్నవారిది వేరే వరుస. దేవుడి ముందు అందరూ సమానులేనని హెడ్మాస్టరు గారు మైకులో సెలవిస్తున్నంతసేపూ ఆ వరుసలోని పిల్లవాడు తల దించుకునే ఉంటాడు. చూసేవారు దానిని ధ్యానమనుకుంటారు గనుక నేనూ భక్తి ఖాతాలోనే జమ చేస్తున్నాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టరాదంది. అయితే 2012 సవరణ వేద పాఠశాలలనూ మదర్సాలనూ, 2014లో సుప్రీంకోర్టు తీర్పు మైనారిటీ బడులనూ ఆ చట్టం పరిధి నుంచి తప్పించాయి. దాంతో బెత్తం కూడా మతస్వేచ్ఛలో భాగమేనని కొందరు మాస్టర్లు సదుద్దేశంతోనే అర్థం చేసుకున్నారు. బెత్తం పైకి లేచిన క్షణంలో దేవుణ్ణి తలవని విద్యార్థి లేడు కాబట్టి వారిని పూర్తిగా తప్పుపట్టలేం.

ప్రభుత్వ గుర్తింపు గాని సాయం గాని ఉన్న బడిలో, సంరక్షకుడి సమ్మతి లేకుండా మైనరు పిల్లలను మతబోధకు హాజరుపరచరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఆ సమ్మతి అడ్మిషను దరఖాస్తులో వ్యాను ఛార్జీకీ టై, బెల్టుల ధరకూ నడుమ ఎక్కడో ఉంటుంది. తండ్రి అన్నిటికీ కలిపి ఒకే సంతకం పెడతాడు.

చిక్కల్లా విశ్వాసం నిలిచిన పిల్లలతోనే. వారిని కదిపితే ప్రార్థన మాట ఎత్తరు. జ్వరం వచ్చిన రాత్రి హాస్టల్లో జావ కాచి తాగించిన సిస్టరు గారి గురించో, ఫీజు వరుసలోంచి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి క్లాసులో కూర్చోబెట్టిన తెలుగు మాస్టారి గురించో చెబుతారు. ఇది లెక్కకు అందే సాక్ష్యం కాదు. జావకు మార్కులు వేసే పద్ధతి మన దగ్గర లేదు; పైగా ఆ మాస్టారికి క్రమశిక్షణ ఉల్లంఘన కింద ఇప్పటికే మెమో అందింది.

కనుక నా సిఫారసు ఇది. పదో తరగతిలో ఒకప్పుడు ఉండి, తరువాత ఎత్తేసిన 20 ఇంటర్నల్ మార్కులను విశ్వాసం కోసం పునరుద్ధరించాలి. చేతులు జోడించినందుకు 10, కళ్లు మూసుకున్నందుకు 5, ఫీజు రసీదు చూపినందుకు 5. రీకౌంటింగుకు అవకాశం ఉండదు.