లైను లేని రైలు

నిన్న ఆదివారం జరిగింది, చెవులు ఇంకా వేడిగనే ఉన్నయి. ఇయ్యాల నేను రాయకపోతే రేపటికి మా బావమరిది ఇంకో తీరుగ చెప్పుకుంట ఊరంత తిరుగుతడు, అందుకే రాస్తున్న.

మాది నల్లగొండ, రామగిరి దిక్కు. నలభై ఏండ్లు దాటినయి, పొద్దున ఒక బీపీ గోలీ, నెల నెలా ఒక హోమ్ లోను, అయినా రాత్రి పదిన్నర దాటితే స్కైరిమ్ పెట్టుకొని కూసుంట. 2011 నవంబర్ 11 నాడు వచ్చిన కంప్యూటర్ ఆట అది. ఆడుత అంటే అబద్ధం, ఆడేది తక్కువ, మోడ్లు ఎక్కిచ్చుడు ఎక్కువ. మోడ్లంటే ఆటను మార్చెతందుకు ఆడేటోళ్లే చేసి పెట్టిన ముక్కలు. చెట్లు మంచిగ కనపడాలని ఒకటి, వాన మంచిగ పడాలని ఒకటి, ఆ వాన ఇంట్ల కూసున్నా కిటికీ అవతల వినపడాలని ఇంకొకటి. మోడ్లల్ల ప్లగిన్లని ఫైళ్లుంటయి, మామూలువి 254 దాటితే ఆట ఎక్కిచ్చుకోదు, లైట్ ప్లగిన్లయితే 4096 దాక పడతయట, నేను రెండు లెక్కలు నింపే పనిల ఉన్న. ఈ సంసారమంత ఒక తీరుగ పెట్టుకోవాలంటే మోడ్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలె, వోర్టెక్స్ అని ఒకటి, మాడ్ ఆర్గనైజర్ అని ఒకటి. పంచాయితీ ఈడ మొదలైంది.

వోర్టెక్స్ పెట్టుకోన్నా, చిన్న పోరడు గూడ నడుపుతడు అని ఒకడు. మాడ్ ఆర్గనైజర్ 2 రానోడు అసలు మోడ్ల జోలికే పోవద్దని ఇంకొకడు. యూట్యూబ్ల ఒకాయన నలభై నిమిషాల వీడియోల ముప్పై నిమిషాలు ఆయన కొత్త కుర్సీ ముచ్చట చెప్పి, ఆఖరుకు "ఏదైనా మీ ఇష్టం ఫ్రెండ్స్" అన్నడు. నా ఇష్టమే అయితే నీ వీడియో ఎందుకు చూస్త నాయనా. ఇంత కొట్లాటల తమాషా ఏందంటే, మాడ్ ఆర్గనైజర్ మొదలువెట్టినాయన, టానిన్ అని పేరు పెట్టుకున్నాయన, తర్వాత పోయి వోర్టెక్స్ గూడ ఆయనే కట్టిండు. ఒక్క చెయ్యి వండిన రెండు కూరల కోసం ఈడ మనం గిన్నెలు ఇసురుకుంటున్నం.

మా బావమరిది వోర్టెక్స్ పార్టీ. పోయిన దసరాకు వచ్చి, నన్ను అడగకుండనే నా కంప్యూటర్ల ఎక్కిచ్చి, ఏవేవో మోడ్లు ఏసి పోయిండు. వోర్టెక్స్ ఏం జేస్తదంటే, మోడ్ల ఫైళ్లు తన ఫోల్డర్ల పెట్టుకుంటది, డిప్లాయ్ కొడితే ఆట డేటా ఫోల్డర్ల గూడ అవే ఉండెటట్టు హార్డ్‌లింకులు ఏస్తది. ఫైలు ఒక్కటే, పేరు రెండు జాగలల్ల. ఒక్క మనిషికి రెండు రేషన్ కార్డులున్నట్టు. కాకపోతే రెండు కార్డులు ఒకే డ్రైవ్ల ఉండాలె, సీ ల ఒకటి డీ ల ఒకటి అంటే నడ్వదు.

మాడ్ ఆర్గనైజర్ 2 అట్ల గాదు. అది డేటా ఫోల్డర్‌ను ముట్టుకోనే ముట్టుకోదు. ఆటను దాంట్లకెల్లి తెరిస్తే, మోడ్లన్నీ ఆడనే ఉన్నయని ఆటను నమ్మిస్తది, ఆట బంద్ చేసి పోయి చూస్తే ఆడ ఏమీ ఉండదు. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయినోళ్లకు ఇది ఒక్క ముక్కల సమజైతది. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిల నీడ అట్లనే నిలవడి ఉంటది, ఆ నీడ ఏ స్తంభందో ఎంత ఎతికినా దొరకది. నాకు ఈ నీడ ముచ్చట మస్తు నచ్చింది. ఊరి అభిమానం అనుకోండ్రి. వోర్టెక్స్ తీసేసి దీనికి మారిన.

తీసే ముందు పర్జ్ అని ఒక బటన్ నొక్కాలెనంట, అప్పుడే డేటా ఫోల్డర్ల ఉన్న లింకులు పోతయట. ఆ బటన్ను నేను చూడకపోలే, చూసిన. పర్జ్ అంటే ఇంగ్లీషుల కడుపు ఖాళీ చేసుడు గూడ గద, చూడంగనే చిన్నప్పుడు మా నాయనమ్మ ముక్కు మూసి పట్టిచ్చిన ఆముదం యాదికొచ్చి, కంప్యూటర్‌కు విరేచనాలైతే ఆట మొత్తం కొట్టుకపోతదేమోనని భయమైంది. నొక్కలే. సీదా అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, దాని ఫోల్డర్‌ను డిలీట్ చేసి, చేతులు దులుపుకున్న. అంటే ఒక కార్డు చింపిన, రెండో కార్డు మీద బియ్యం వస్తనే ఉన్నయి. ఇదంత నిన్న రాత్రి తెలిసిన జ్ఞానం.

ఇగ నిన్న. మిర్యాలగూడ నుంచి మా అత్తామామలు వచ్చిండ్రు, ఎంబడి బావమరిది. మటన్ తిన్నంక వాడు "బావా, ఆటను హాల్ల పెద్ద టీవీకి పెట్టు, అందరం చూద్దాం" అన్నడు. నేను గూడ తక్కువోన్నేం గాదు, రెండు నెలలు సర్దిన మోడ్లు, ఆ చెట్లు, ఆ వాన, ఇన్ని రోజులు నేను తప్ప చూసినోడు లేడు. కేబుల్ గుచ్చిన. మోడ్లు మార్చినంక పాత సేవ్ నమ్మరాదు కాబట్టి కొత్త ఆట మొదలువెట్టిన.

మా మామ రైల్వేల గేట్‌మేన్‌గ చేసి రిటైర్ అయిండు. ఈ సంగతి గుర్తువెట్టుకోండ్రి. అన్నం తినంగనే సోఫాల ఒరిగి, తువ్వాల మొఖం మీద ఏసుకొని, ఒక కునుకు తీస్తుండు.

ఆట మొదట్ల మనను చేతులు కట్టేసి బండిల తీస్కపోతుంటరు, తల కొట్టెతందుకు. చెట్లు మంచిగున్నయి. మా అత్త "చలి ప్రదేశమా అది" అని మా ఇంటామెను అడిగింది, అత్త నాతోని నేరుగ మాట్లాడది, అన్నీ బిడ్డ మీదికెల్లే వస్తయి. నేను పిల్లి మొఖపోన్ని ఎంచుకున్న. ఆడొక సిపాయి లిస్టు చూసి మన పేరు లేదంటడు, పక్కనున్న కెప్టెన్ లిస్టు సంగతి ఇడిసిపెట్టు, వీని తల గూడ కొట్టుర్రి అంటది. బావమరిది ఇది తెలుగుల చెప్తే మామ తువ్వాల కిందికెల్లే అన్నడు, "ఆళ్లే నయం. లిస్టుల పేరు లేకున్నా పని చేస్తుండ్రు. మా వదినె పేరు లిస్టుల ఉన్నది, పెన్షన్ ఒక్క నెలన్న వచ్చిందా?" అని మళ్ల గుర్రు.

తలలు కొట్టెతందుకు అందర్ని వరసగ నిలవెట్టిండ్రు. ఇప్పుడు ఈ ఆట ఆడినోళ్లకు తెలుసు, ఇక్కడ దూరంగ కొండలల్ల ఒక అరుపు వినొస్తది. డ్రాగన్ అరుపు. అందరు మొఖాలు చూసుకుంటరు, ఏంది ఆ చప్పుడు అంటరు, ఏం లేదు కానియ్యి అంటరు. ఒళ్లు జలదరించే జాగ అది. నేను సౌండ్ రెండు పాయింట్లు పెంచిన గూడ.

కూ...

అరుపు గాదు, కూత. రైలు కూత.

నేను బయట వినొచ్చిందనుకున్న, మనది రైలు ఊరే గద. మామ తువ్వాల తీసిండు. ముప్పై ఏండ్లు కూత వింటేనే లేచిన మనిషి, భూకంపం వచ్చినా లేవడు గని కూతకు లేస్తడు. కండ్లు సగమే తెరిసి "అవుటర్ల ఉన్నది, ఇంకా సిగ్నల్ ఇయ్యలే" అన్నడు. బావమరిది ఎందుకో కుషన్ల మొఖం పెట్టుకొని ఒణుకుతుండు. అప్పుడన్న నాకు తెలియాలె. తెల్వలే. ముందు ఒకని తల కొట్టిండ్రు, తర్వాత నేను మొద్దు మీద తల పెట్టిన. నేనంటే పిల్లి. తలారి గొడ్డలి లేపిండు. మా అత్త "అయ్యో దేవా" అని కండ్లు మూసుకుంది. మళ్ల కూత, ఈసారి దగ్గరికెల్లి.

కొండ మీదికెల్లి వచ్చింది. నీలి రంగు ఇంజన్, ముందట గుండ్రటి మొఖం, మొఖం మీద నవ్వు. చిన్న పిల్లల బొమ్మల రైలు. డ్రాగన్ల జాగల బొమ్మ రైలు పెట్టే మోడ్ లోకంల నిజంగనే ఉన్నది, పోరలు దాన్ని చూసి నవ్వుకుంటరు, నాకు తెలుసు, గని అది నా ఆటల, నా హాల్ల, నా అత్త ముందట... ఆ ఇంజన్ వచ్చి బురుజు మీద కూసుంది. చక్రాలు తిరుగుతలేవు. నవ్వుకుంటనే అగ్గి కురిపిచ్చింది. సిపాయిలు ఉరుకుతుండ్రు, ఇండ్లు అంటుకుంటున్నయి, అది నవ్వుతనే ఉన్నది.

మామ అప్పటికే లేచి నిలవడ్డడు. చేతిల తువ్వాల ఉన్నది గద, ఆ చెయ్యి దానంతట అదే లేచింది, ఇటు అటు ఊపుతుండు. అది పచ్చ తువ్వాల. నేను చూస్తనే ఉన్న, రెండు సార్లు ఊపిండు, మూడోసారికి ఆగి, టీవీకి ఇంకో అడుగు దగ్గరికి పోయి, "లైను ఏది అల్లుడా?" అన్నడు.

ఏం చెప్పాలె నేను. డేటా ఫోల్డర్ల హార్డ్‌లింకులు మిగిలినయి మామా అందునా?

బంద్ చేద్దామంటే కీబోర్డు దొరకది. అది సకినాల ప్లేటు కింద ఉన్నదట, నాకు తర్వాత దొరికింది, నూనెతోని. ఈ లోపల మామ బావమరిదిని పట్టుకొని అడుగుతుండు, డ్రైవర్ ఎటు పోయిండు, గార్డు డబ్బా లేకుంట బండి ఎట్ల ఇడిసిండ్రు అని, ఆయనకు బురుజు మీద ఇంజన్ ఎక్కుడు తప్పనిపిస్తలేదు, గార్డు లేకపోవుడే తప్పు. మా అత్త మెల్లగ కండ్లు తెరిసి, మా ఇంటామెతోని, "ఏమే, ఇందాకటి తల కొట్టే ఆట వద్దు గని, ఈ రైలాట మంచిగున్నది, ఇదే ఉంచమను" అన్నది. మా ఇంటామె నన్ను చూసిన చూపు గురించి నేను రాయ.

పోయేటప్పుడు బావమరిది చెప్పులు ఏసుకుంట, "ఏంది బావా, లోడ్ ఆర్డర్ చూస్కోలేదా?" అన్నడు. లోడ్ ఆర్డర్ అంట! అది ప్లగిన్లను ఆట ఎక్కిచ్చుకునే వరస. ఆ ఫైళ్లకు ప్లగినే లేదు, లోడ్ ఆర్డర్ల కనపడెతందుకు. మాడ్ ఆర్గనైజర్ల ఎడమ దిక్కు మోడ్ల లిస్టు చూసిన, కుడి దిక్కు ప్లగిన్ల లిస్టు చూసిన, యాడ లేదు. ఉత్త ఫైళ్లు, డేటా ఫోల్డర్ల గప్‌చుప్‌గ కూసున్నయి. ఏది మంచిగ పోకున్నా లోడ్ ఆర్డర్ చూస్కో అనేటోళ్లను అందరినీ ఒక బండిల ఎక్కిచ్చి, చేతులు కట్టేసి... సరే తియ్యి.

రాత్రి ఒంటిగంట దాక డేటా ఫోల్డర్ తెరుసుకొని కూసున్న. ఏ ఫైలు ఆటది, ఏ ఫైలు వాని దసరా కానుక, నాకైతే సమజైతలే. ఆట మొత్తం ఫోల్డర్‌తోని సహ తీసేసి మళ్ల దింపుకునుడే. మా నెట్ స్పీడుకు అది రేపు మాపటికి దిగితే గొప్ప. పొద్దున లేచేసరికి వాని మెసేజ్ ఉన్నది, ఎనకాల పది నవ్వు బొమ్మలు.

"బావా, పర్జ్ కొట్టినవా?"

కొట్టలేదురా. నువ్వు సంక్రాంతికి రా, కొడ్త.