అన్ని సూపర్‌నోవాలూ ఒకే వెలుగు ఇవ్వవు

సూపర్‌నోవాలన్నీ, అంటే పేలిపోయే నక్షత్రాలన్నీ, ఒకే ప్రకాశంతో పేలతాయి కాబట్టే వాటితో దూరాలు కొలుస్తారని ఒక వ్యాసంలో రాశారు. అది టైప్ 1ఏ (తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలే) రకానికే, అదీ ప్రకాశాన్ని సవరించాకే. ఆ సవరణకు, వెలుగు గరిష్ఠానికి చేరిన తర్వాత 15 రోజుల్లో నీలి ఫిల్టర్‌లో ఎంత మసకబారిందో చూడాలి. నెమ్మదిగా తగ్గేవి అసలుకే ఎక్కువ ప్రకాశవంతం. 1993లో ఖగోళ శాస్త్రవేత్త మార్క్ ఫిలిప్స్ చూపించింది ఇదే.

రకం తేల్చేది వర్ణపటం, అంటే కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడగొట్టిన పట్టీ. గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరమవుతున్నందువల్ల గీతలు ఎరుపు వైపు జరగడం) తీసేశాక హైడ్రోజన్ గీతలు లేకుండా 6150 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యం కొలత) దగ్గర సిలికాన్ గుంట కనిపిస్తే 1ఏ. ఆ గీత అసలు చోటు 6355. పదార్థం సెకనుకు దాదాపు 10,000 కిలోమీటర్ల వేగంతో మనవైపు దూసుకొస్తుంది కాబట్టి గీత నీలం వైపు అంత పక్కకు జరుగుతుంది. బోల్తా పడేది ఎక్కడంటే, స్లిట్‌లో (వర్ణపటం తీసే పరికరంలోకి కాంతిని పంపే సన్నటి చీలికలో) గెలాక్సీ వాయువు కాంతి కూడా పడి 6563 దగ్గర సన్నటి హైడ్రోజన్ గీత లేస్తుంది. దాంతో తొందరపడి టైప్ 2 (హైడ్రోజన్ గీతలుండే రకం) అనేస్తారు! మామూలు టైప్ 2లో ఆ గీత బాగా వెడల్పు. పక్క పిక్సెళ్లలోనూ అదే సన్న గీత కనిపిస్తే అది గెలాక్సీదే.