అమరావతి రాళ్లను కాపాడిన మహానుభావులు

పాత కట్టడాలను ప్రభుత్వం పట్టించుకోవడం లేదని మనవాళ్లు ఊరికే ఆడిపోసుకుంటారు. చరిత్ర తెలియక అనే మాటలివి. మన వైపు పాత రాయిని ఎవరైనా పట్టించుకున్న ప్రతిసారీ ఆ రాయికి ఏ గతి పట్టిందో తెలిస్తే, పట్టించుకోకపోవడం ఎంత గొప్ప సేవో అర్థమవుతుంది. దూరం వెళ్లక్కర్లేదు, అమరావతి చాలు.

1796 ప్రాంతంలో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు మకాం అమరావతికి మార్చారు. కొత్త ఊరు కట్టాలంటే ఇటుక కావాలి, రాయి కావాలి. దగ్గర్లోనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది. తవ్వితే పెద్ద పెద్ద ఇటుకలు, వాటితో పాటు తెల్లటి పలకరాళ్లు, వాటి నిండా చెక్కిన పద్మాలు, ఏనుగులు, చెట్టు ముందు చేతులు జోడించిన మనుషులు. అది సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపమని మేస్త్రీలకు చెప్పే నాథుడు లేడు. కొన్ని రాళ్లు శివగంగ చెరువుకు మెట్లయ్యాయి. కొన్ని గుళ్లకు, మసీదులకు వెళ్లాయి. బొమ్మ ఉండకూడదన్న చోట బొమ్మను శుభ్రంగా అరగదీశారు. ఇందులో నాయుడు గారిని తప్పు పట్టలేం. కాపాడతానని ఆయన ఎవరికీ మాటివ్వలేదు.

కాపాడటం దొరలతో మొదలైంది.

మొదట వచ్చింది ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ. ఆ శతాబ్దం ఆఖర్లో ఒకసారి చూసి వెళ్లి, 1816లో బొమ్మలు గీసేవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. ఉన్నంతలో బుద్ధిమంతుడు, రాళ్లకంటే ఎక్కువగా కాగితాలు పట్టుకెళ్లాడు. ఆయన గీయించిన బొమ్మలే లేకపోతే, ఆ తర్వాత మాయమైన రాళ్ల మీద ఏముండేదో ఇవాళ మనకు తెలిసేదే కాదు. కాకపోతే ఇక్కడ మంచి సరుకుందని పైవాళ్లకు తెలిసిందీ ఆయన వల్లే.

తర్వాత బందరులో రాబర్ట్‌సన్ అనే దొర. ఊళ్లో కొత్తగా పేట కట్టించాడు, దాని మధ్యలో ఒక దిబ్బ లాంటిది లేపించాడు. ఉత్త దిబ్బ ఏం బాగుంటుందని అమరావతి నుంచి ముప్పైకి పైగా శిల్పాలు తెప్పించి దాని చుట్టూ నిలబెట్టాడు. బుద్ధుడి స్తూపం బందరు బజారుకు అలంకారమైంది. 1835లో మద్రాసు గవర్నర్ ఫ్రెడరిక్ ఆడమ్ అటు వచ్చి, ఇంత మంచి రాళ్లు బజార్లో ఉండటమేమిటని మద్రాసుకు పంపమన్నాడు. ఆర్డరు వెంటనే వచ్చింది, రాళ్లు కదలడానికి ఏళ్లు పట్టింది. ఫైలు నడక మనం స్వాతంత్ర్యం వచ్చాక నేర్చుకున్నది కాదని దీన్నిబట్టి గ్రహించాలి. రాబర్ట్‌సన్‌పేట బందరులో ఇప్పటికీ ఉంది. రాళ్లు లేవు.

1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి వచ్చి తవ్వించాడు. దొరికినవి మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడుస్తూ ఏళ్ల తరబడి పడున్నాయి. ఎవరికో జాలేసింది, 1859లో ఓడెక్కించి లండన్ పంపారు. ఆ తర్వాత జరిగింది కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన గోడౌన్ల గురించి చులకనగా మాట్లాడేవాళ్లు వినాల్సిన కథ ఇది. లండన్‌లో ముందు రేవు దగ్గర గిడ్డంగిలో పెట్టారు. అక్కణ్ణుంచి ఫైఫ్ హౌస్ అనే భవంతికి తెచ్చి, గుర్రబ్బగ్గీలు నిలిపే కొట్టంలో పడేశారు. కొన్నింటిని బయటి గోడకు బిగించి లండన్ వానకు, చలికి అప్పగించారు. పారిస్‌లో జరగబోయే ప్రదర్శనకు ఫొటోలు వెతుక్కుంటూ జేమ్స్ ఫెర్గుసన్ అనే కట్టడాల చరిత్రకారుడు అటు వెళ్లి, చెత్తలో వీటిని చూసి గుండెలు బాదుకున్నాడు. ఏడు సముద్రాలు దాటించి కాపాడుకున్న వస్తువును వాళ్ల ఊళ్లోనే మళ్లీ తవ్వి తీయాల్సి వచ్చింది.

ఈలోగా వాటికి నామకరణం కూడా అయింది, ‘ఇలియట్ పాలరాళ్లు’ అని. అది పాలరాయి కాదు, మన పల్నాటి సున్నపురాయి. చెక్కింది ఇలియట్ కాదు. మిగతాదంతా కరెక్టే. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. 120కి పైగా శిల్పాలు, ఇప్పుడు అద్దాల గదిలో ఏసీలో ఉన్నాయి, బాగానే ఉన్నాయి.

ఇక అసలు సిసలు పరిరక్షణకు వద్దాం. 1877లో రాబర్ట్ సీవెల్ కొంత తవ్వి, కొలతలు రాసుకుని, నివేదిక ఇచ్చాడు. ఇలా గరిటెతో గోకితే ఎప్పటికి తెమిలేనని 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ గారు మొత్తం తవ్వేయమని సెలవిచ్చారు. తవ్వేశారు. స్తూపం దేని మీద లేచింది, ఏ రాయి ఏ వరసలో ఉండేదని తెలిపే ఆధారమంతా మట్టితో సహా ఎత్తి పోశారు. 1881 ఆఖర్లో అసలు పురావస్తు పండితుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి ఆయన కోసం సిద్ధంగా ఉన్నది ఒక పెద్ద గుండ్రటి గుంత. ఆయన మాత్రం ఏం చేస్తాడు, దొరికిన రాళ్లను ఏరి మద్రాసుకు పంపాడు. అక్కడ మ్యూజియం వాళ్లు మళ్లీ ఎవరూ ఎత్తుకుపోకుండా వాటిని సిమెంటు పెట్టి గోడల్లో బిగించేశారు. సిమెంటులోని ఉప్పు రాతికి పడదని తర్వాత తెలిసింది.

ఆ మద్రాసు రాళ్లలో ఒక గుండ్రటి పలక ఉంది. ఒకవైపు నాళాగిరి అనే మదపుటేనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కుతూ, తొండంతో విసిరేస్తూ ఉంటుంది. మిద్దె కిటికీల్లోంచి ఆడవాళ్లు భయంగా తొంగిచూస్తుంటారు. అదే చట్రంలో ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లి ఉంటుంది. ఒక్క రాతి పలకలో ఒక వీధి వీధంతా పట్టించిన ఆ శిల్పి పేరు ఎవరికీ తెలియదు. కదిలించిన దొరల పేర్లు మాత్రం సాలుతో సహా ఉన్నాయి.

కంచే చేను మేసిందంటారు కొందరు. నేనొప్పుకోను. కంచెకు చేను మీద ప్రేమ ఎక్కువైంది, అంతే. మన హయాంలో ఆ అతి ప్రేమ తగ్గింది. మా వైపు ఒక రక్షిత కట్టడం ఉంది, పేరు చెప్పి ఎవరికీ టెన్షన్ పెట్టను. దాని ముందు నీలం బోర్డు, 1958 చట్టం ప్రకారం దీన్ని పాడుచేస్తే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా అని. లక్షలో ఒక సున్నాను తుప్పు తినేసింది కాబట్టి అక్కడ మాత్రం పదివేలే. బోర్డు వెనక సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుంది. దాని ముళ్లకు భయపడి పేకాట వాళ్లు రారు, ప్రీ-వెడ్డింగ్ షూటింగ్ వాళ్లు రారు, నిజానికి అధికారులూ రారు. జీతం, బత్తెం లేకుండా ఇరవై నాలుగు గంటలూ డ్యూటీ చేసే ఆ తుమ్మను పర్మినెంట్ చేయాలని నా మనవి.

అమరావతిలో ఇక తీసుకెళ్లడానికి ఏమీ లేదనుకుంటే పొరపాటు. 2015లో పేరు తీసుకెళ్లారు. కృష్ణ ఒడ్డునే, కాస్త దిగువన తుళ్లూరు వైపు రాజధాని వచ్చి అమరావతి అయింది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఊరు పల్నాడు జిల్లాలో పడింది, రాజధాని గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. ఇప్పుడు ఊరివాళ్లు ఎక్కడైనా తమ ఊరి పేరు చెబితే, ఎకరం ఎంతుందని అడుగుతున్నారు.

ఇంత జరిగినా చట్టం మాత్రం గట్టిగానే ఉంది. రక్షిత స్మారకానికి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు. అక్కణ్ణుంచి ఇంకో 200 మీటర్ల దాకా కట్టాలంటే ఢిల్లీ నుంచి అనుమతి రావాలి. రాళ్లకు ఇబ్బంది కలగకూడదు కదా. దిన్నె పక్కన ఒకాయన పెరట్లో బాత్‌రూమ్ వేసుకుందామనుకున్నాడనుకోండి. దరఖాస్తు నింపుతూ, ‘స్మారకానికి ఎంత దూరం’ అన్న చోట ఆగి, మీసేవ కుర్రాణ్ణి అడుగుతాడు. ‘బాబూ, ఇది దిన్నె నుంచి కొలవాలా, రాళ్ల నుంచి కొలవాలా?’

మద్రాసు నుంచి కొలిస్తే అభ్యంతరం ఉండకపోవచ్చు. లండన్ నుంచి కొలిస్తే మేడ కూడా లేపుకోవచ్చు.